అప్‌డేట్: మా పైలట్ ఎపిసోడ్ జనంలోకి వెళ్లింది

లాస్ ఏంజెలెస్‌లో నలుగురు ఆసియన్-అమెరికన్ కుర్రాళ్ల కథతో సొంత డబ్బు పెట్టి తీసిన 22 నిమిషాల పైలట్‌ని (టీవీ సిరీస్‌కి నమూనాగా తీసే తొలి ఎపిసోడ్‌ని) ఎలా ప్రచారం చేయాలని మార్చిలో అడిగాను. "ఎవరి కథో వాళ్లకే ముందు చూపించండి" అన్న సలహా బాగా పనిచేసింది. మే అక్కడ ఆసియన్-అమెరికన్ వారసత్వ మాసం కదా, అప్పుడే లాస్ ఏంజెలెస్‌లోని జపనీయుల పేట లిటిల్ టోక్యోలో చిన్న హాలు తీసుకున్నాం. 1965లో మొదలైన ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్ అనే ఆసియన్-అమెరికన్ నాటక సంస్థ నాటకాలకి వచ్చేవాళ్లకి కరపత్రాలు పంచాం. 60 కుర్చీలు నిండి, వెనక గోడకి ఆనుకుని కూడా నిలబడ్డారు.

తండ్రీకొడుకులు మాటల్లేకుండా నారింజ ఒలుచుకునే సీన్‌లో, నా పక్కనున్న కొరియన్ పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కుంగ్‌ఫూ వీరుడో కంప్యూటర్ మేధావో కాని మామూలు మగవాణ్ణి తెరమీద చూడాలన్న ఆకలి ఎంతుందో అప్పుడు తెలిసింది.

ఛానెల్ ఇంకా దొరకలేదు. వచ్చే నెల శాన్ ఫ్రాన్సిస్కోలో రెండో ప్రదర్శన పెడుతున్నాం.