ఆర్కేడ్ పెట్టెకి గోడ స్విచ్ ఆపేస్తే చాలదా?

దర్గామిట్ట_ప్లైవుడ్ (నెల్లూరు): ఇంట్లో ఆర్కేడ్ పెట్టె చేయించాను. లోపల రాస్‌ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు, దాని సిస్టం మెమరీ కార్డు మీదే ఉంటుంది), రెట్రోపై (పాత ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్), పాత 19 అంగుళాల మానిటరు, చిన్న యాంప్లిఫయరు, అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి. మెనూలోకి పోయి షట్‌డౌన్ కొట్టమంటే పిల్లలు వింటారా, ఆట అవగానే గోడ స్విచ్ టక్కున ఆపేసి అన్నానికి పరిగెత్తుతారు. 8 నెలల్లో రెండు మెమరీ కార్డులు పోయాయి. మీరంతా ఏం చేస్తున్నారు?

జీపీఐఓ_బాబాయ్ (కావలి): తమ్ముడూ, పుష్ బటన్ పెట్టు. నొక్కి వదిలితే పైకి లేచే రకం, లైటు స్విచ్ లాంటిది కాదు. బోర్డు మీద 5, 6 పిన్నులకి రెండు వైర్లు, కాన్ఫిగ్ ఫైలులో జీపీఐఓ-షట్‌డౌన్ ఓవర్లే (బటన్ నొక్కితే షట్‌డౌన్ అవ్వమని చెప్పే సెట్టింగు) ఒక్క లైను. ఐదో పిన్ను జీపీఐఓ3 (బోర్డుని లేపగలిగే సిగ్నల్ పిన్ను) కాబట్టి అదే బటన్ మళ్ళీ నొక్కితే బోర్డు లేస్తుంది. ఆగేటప్పుడు పచ్చ లైటు పదిసార్లు మిణికి ఆరిపోతుంది, ఆ తర్వాతే గోడ స్విచ్.

ఒంగోలు_గిత్త: అంటే చివరికి గోడ స్విచ్ ఆపాల్సిందేగా! నువ్వు బటన్ నొక్కినా మానిటరు, యాంప్లిఫయరు వెలుగుతూనే ఉంటాయి. నేను రెండేళ్ళుగా గోడ స్విచ్చే వాడుతున్నా, కార్డు చెక్కుచెదరలేదు. రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల మెనూలో ఓవర్లే ఫైల్ సిస్టం (బాబాయ్ చెప్పిన ఓవర్లే కాదు, ఇది వేరు) ఆన్ చేయండి, రాసేదంతా కార్డు మీదకి కాకుండా ర్యామ్‌లోకే, అంటే కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలోకే పోతుంది. కార్డు మీద రాయనప్పుడు కరెంటు పోయినా పాడయ్యేదేముంది? పాత ఆర్కేడ్ మెషీన్లని ఎవరైనా షట్‌డౌన్ చేశారా? ఆట రోమ్ చిప్పులో (చదవడమే తప్ప మెషీను దాని మీద రాయదు) ఉండేది, మెయిన్ ఆపేసి తాళం వేసుకుని పోయేవాళ్ళు.

మినీపీసీ_మురిపెం: మాది విండోస్ పెట్టె. మదర్‌బోర్డు పవర్ స్విచ్ పిన్నుల నుంచి వైరు లాగి ముందు బటన్‌కి ఇచ్చాం. నొక్కితే షట్‌డౌన్. నాలుగు సెకన్లు అట్లాగే పట్టుకుంటే మాత్రం గోడ స్విచ్ ఆపినట్టే, పిల్లలకి అదొక్కటి చెప్పుకోవాలి.

జీపీఐఓ_బాబాయ్: గిత్తా, రోమ్ చిప్పు వేరు, మెమరీ కార్డు వేరు. కార్డు ఒక్క ఫైలు మార్చాలన్నా లోపల పెద్ద బ్లాకు మొత్తాన్ని అటూ ఇటూ సర్దుకుంటుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే నువ్వు తాకని ఫైలు కూడా పోవచ్చు. నీకు రెండేళ్ళు ఏం కాలేదంటే హెల్మెట్ లేకుండా రెండేళ్ళు తిరిగి ఏం కాలేదన్నట్టుంది.

ఒంగోలు_గిత్త: రాయనే రాయదు అంటుంటే మళ్ళీ రాసేటప్పుడు అంటావేంది? పోనీ, తుపాను వచ్చి కరెంటు పోతే నీ బటన్ ఏం చేస్తుంది? ఇక్కడ కరెంటు చెప్పి పోతుందా?

జీపీఐఓ_బాబాయ్: ఇన్వర్టర్ లేదా నీకు?

ఒంగోలు_గిత్త: ఇన్వర్టర్ మీద వీడియో గేములా! ఫ్యాన్లకే చాలదు.

దర్గామిట్ట_ప్లైవుడ్: గిత్త అన్నా, ఓవర్లే పెడితే స్కోర్లు ఉంటాయా? మా పాప హైస్కోరు కోసం ప్రాణం పెడుతుంది.

ఒంగోలు_గిత్త: ఉండవు. మర్నాడు సున్నా నుంచే. ఆ రోజుల్లో కూడా చాలా మెషీన్లు అంతేగా.

జీపీఐఓ_బాబాయ్: చూశారా! ఇంతసేపూ ఈ ముక్క దాచాడు. ఇంకో మాట, రెట్రోఆర్చ్ (రెట్రోపై లోపల ఆటలు నడిపే ప్రోగ్రాం) సేవ్ ఫైలుని ఆట నుంచి బయటికి వచ్చినప్పుడే కార్డు మీద రాస్తుంది, సేవ్‌రామ్ ఆటోసేవ్ ఇంటర్వల్ (మధ్యమధ్యలో దానంతటదే రాయమనే సెట్టింగు) పెట్టుకుంటే తప్ప. కాబట్టి ముందు ఆటలోంచి బయటికి రావాలి, ఆ తర్వాత బటన్. మెయిన్ లాగేసేవాళ్ళ సంగతి నన్నడగండి. 2006లో ఒక నెట్ సెంటర్‌లో పని చేశాను. రాత్రి పదింటికి ఓనరు మెయిన్ దించేసేవాడు, పొద్దున విండోస్ లేవకపోతే నా జీతంలో కోత.

ఒంగోలు_గిత్త: ఓహో, ఆయన మీద కోపం నా మీద తీర్చుకుంటున్నావా? జీతం కోసింది నేను కాదు సామీ.

మూలాపేట_మౌనం: ఎందుకంత ఆవేశం, ఆట పెట్టె గురించి.

ఒంగోలు_గిత్త: ఆవేశం కాదు. మా అమ్మకి 72 ఏళ్ళు. ఒకసారి వంటింట్లో ప్లగ్గు కాలినప్పటి నుంచి పడుకోబోయే ముందు టార్చి పట్టుకుని ఇంట్లో స్విచ్‌లన్నీ ఒకటొకటిగా ఆపుకుంటూ వస్తుంది. ఆమెని కూర్చోబెట్టి, పచ్చ లైటు పదిసార్లు మిణికేదాకా లెక్కపెట్టమ్మా అని నేను చెప్పను. పెట్టె ఇంటికి సర్దుకోవాలి గానీ ఇల్లు పెట్టెకి కాదు. నేను ఓవర్లే పెట్టింది అందుకే.

జీపీఐఓ_బాబాయ్: ఇది ముందే చెప్పుంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. మరి మీ ఫ్రిజ్ స్విచ్ కూడా ఆపుతుందా?

ఒంగోలు_గిత్త: దాని మీద తెల్ల ప్లాస్టర్ అంటించి పెట్టాం. అది మాత్రం ముట్టుకోదు.

జీపీఐఓ_బాబాయ్: దీనికీ ఒక ముక్క అంటించు.

దర్గామిట్ట_ప్లైవుడ్ (మూడు వారాల తర్వాత): బటన్ పెట్టాను, పని చేస్తోంది. గోడ స్విచ్‌కి ప్లాస్టర్ కూడా వేశాను. ఎర్ర బటన్ బాగుందని ప్లేయర్ 2 పక్కనే బిగించడమే తప్పయింది. మావాడు చివరి లెవెల్‌లో ఉండగా మా పాప నొక్కేసింది, నిన్నటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ బటన్ మీదకి మూత నెల్లూరులో ఎక్కడైనా దొరుకుతుందా?

జీపీఐఓ_బాబాయ్: వెనక వైపు పెట్టుకోవాలి తమ్ముడూ.

ఒంగోలు_గిత్త: గోడ స్విచ్ అయితే ఆట మధ్యలో పాప చేతికి అందేది కాదు 😄