1945–46 ఎఫ్‌ఏ కప్‌లో గోల్స్ సమమైతే విజేతను ఎలా తేల్చారు?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చరిత్ర తెలిసిన పెద్దలకు నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జరిగిన తొలి ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ), అంటే 1945–46 సీజన్ గురించి నాకొక సందేహం ఉంది. ఓడిన జట్టు ఇంటిముఖం పట్టడమే ఈ పోటీ ఆనవాయితీ కాగా, ఆ ఏడాది మాత్రం మొదటి రౌండు నుంచి ఆరో రౌండు దాకా ప్రతి జోడీకీ ఇరు జట్ల మైదానాల్లో చెరొక మ్యాచ్ పెట్టి, రెండింటి గోల్స్ కలిపి విజేతను నిర్ణయించారు. అందుకే ఫుల్హామ్ చేతిలో ఒక మ్యాచ్ ఓడిన చార్ల్‌టన్ అథ్లెటిక్ ఫైనల్ దాకా వెళ్లి, అక్కడ అదనపు సమయంలో డెర్బీ కౌంటీకి 4–1తో తలవంచింది. సొంతగడ్డపై 1–3తో ఓడిన బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూ, మాంచెస్టర్ సిటీ మైదానానికే వెళ్లి 8–2తో గెలిచి ముందుకు సాగడం మరీ వింత.

ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్స్‌కు ఎక్కువ విలువనిచ్చే నిబంధన అప్పటికింకా పుట్టలేదు. మరి రెండు మ్యాచ్‌ల తర్వాత కూడా గోల్స్ సమంగా ఉంటే అదనపు సమయం ఎంతసేపు ఆడించేవారు? అప్పటికీ తేలకపోతే మూడో మ్యాచ్‌ను తటస్థ మైదానంలో పెట్టేవారా?

యుద్ధం వల్ల ఆగిన ఫుట్‌బాల్ లీగ్ (క్లబ్బులు సీజన్ పొడవునా ఆడే పోటీ) 1946 ఆగస్టు చివర గానీ మునుపటి రూపంలో మొదలుకాలేదు కనుక, క్లబ్బుల టికెట్ల రాబడి కోసమే ఈ ఏర్పాటు చేశారని నా ఊహ. లీగ్ తిరిగి రావడంతోనే దీన్ని వదిలేశారా, లేక 1946 మార్చి 9న బోల్టన్ క్లబ్ మైదానమైన బర్న్‌డెన్ పార్క్‌లో బోల్టన్–స్టోక్ రెండో మ్యాచ్‌కు పోటెత్తిన జనం తొక్కిసలాటలో 33 మంది మరణించిన దుర్ఘటన ప్రభావం కూడా ఉందా? ఆనాటి నిబంధనలు గానీ, పత్రికల మ్యాచ్ కథనాలు గానీ చదివినవారు దయచేసి వివరించగలరు.