అప్‌డేట్: తెల్లవారుజామున అరిచే మా పిల్లి ఇప్పుడు పడుకుంటోంది

వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఫ్లాట్, బయటికి వెళ్లని మా రెండేళ్ల పిల్లి బుజ్జి, 3 గంటలకల్లా లేచి అరుపులు, కర్టెన్లు చింపడం అని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు డాక్టరుకి చూపించాం. జబ్బేమీ లేదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది కాబట్టి ఎద కూడా కాదు, పగలంతా ఏమీ తోచక నిద్రపోతోంది, అంతే అన్నారు.

పనిచేసింది "ముందు వేట, తర్వాత తిండి" అన్న సలహా. రాత్రి 10కి తాడుకి కోడి ఈక కట్టి లాగుతాను. మొహం ముందు ఊపితే అసలు చూడదు. సోఫా వెనక్కి ఎలుక నక్కినట్టు మెల్లగా లాగితే మాత్రం కళ్లు పెద్దవి చేసి, వెనక కాళ్లు సర్దుకుని ఒక్క దూకు! 15 నిమిషాలు ఆడించి, చివర్లో ఈకని దొరకనిచ్చి, వెంటనే తిండి పెడతాను. తిని, ఒళ్లంతా నాక్కుని పడుకుంటుంది. వారంలో అరుపులు ఆగాయి.

బాల్కనీకి వల కట్టించి స్టూలు వేశాం. పావురాలని చూస్తూ గంటలు కూర్చుంటుంది.

లేజర్ లైటు మానేశాం, ఎంత వెంటాడినా ఏదీ చేతికి చిక్కక ఇంకా చిరాకుపడేది. క్యాట్‌నిప్ (పిల్లులకి మత్తెక్కించే ఒక మొక్క ఆకు) వాసన కూడా చూడలేదు, కొన్ని పిల్లులకి పుట్టుకతోనే అది ఎక్కదట. తోడుగా రెండో పిల్లిని తెచ్చుకునే అవసరమే రాలేదు.