మన కోసం మనమే కొనుక్కునే స్వీటు ఏది?

ప్రశ్న: మా ఇంట్లో స్వీటంటే పండక్కో, చుట్టాలొస్తేనో. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను, జీతం పడ్డాక నాకంటూ ఏదైనా మంచిది తినాలనిపిస్తోంది. కేకులు బోర్ కొట్టేశాయి. మీరైతే ఏం తింటారు?

గోదారిగట్టు: ఆత్రేయపురం పూతరేకులు, ఇంకో ఆలోచనే లేదు. 2023లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. బెల్లం, నెయ్యి వేసినవే తీసుకోండి, పంచదారవి నాకు వెగటు. బోర్లించిన వేడి కుండ మీద పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగితే క్షణంలో కాగితంలాంటి రేకు లేస్తుంది, ఆ పనితనం చూశాక ధర ఎక్కువనిపించదు.

పాతబస్తీ_చాయ్: కొనడమెందుకండీ, ఖుబానీ కా మీఠా చేసుకోండి. ఎండు ఆప్రికాట్లు రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, అదే నీళ్లలో చక్కెర వేసి సన్నసెగ మీద దగ్గరపడేదాకా ఉడికించడమే. గింజలు మాత్రం పారేయకండి, పగలగొడితే లోపల బాదంలాంటి పప్పు ఉంటుంది, అది పైన వేసి మీగడతో తింటే ఆ రుచే వేరు.

కాజాప్రియ: ఒక్కరే కదా, పావుకిలో తాపేశ్వరం మడతకాజా చాలు. కొరకగానే పాకం నోట్లోకి రావాలి, అదీ లెక్క.

ప్రశ్న అడిగినావిడ: థాంక్సండీ! ఖుబానీ ఈ ఆదివారమే. పూతరేకులు కొరియర్‌లో విరిగిపోవా?

గోదారిగట్టు: అంచులు కాస్త విరుగుతాయి, రుచికేం కాదు. రాగానే గాలి తగలని డబ్బాలో పెట్టేయండి, లేకపోతే మెత్తబడతాయి.