చలిలోనూ మందగించని అయాన్–అణు చర్యలు

ప్రశ్న: ఉష్ణోగ్రత తగ్గితే చర్యలు మందగిస్తాయని చదువుకున్నాం. మరి దాదాపు 10 కెల్విన్‌ల చల్లదనం ఉండే నక్షత్రాంతర మేఘాల్లో హైడ్రోజన్ అణు అయాన్, మరో హైడ్రోజన్ అణువుతో కలిసి ట్రైహైడ్రోజన్ అయాన్‌ను అంత వేగంగా ఎలా ఏర్పరుస్తోంది?

జవాబు 1: అయాన్ దగ్గరవుతున్నకొద్దీ దాని ఆవేశం ఎదుటి అణువులోని ఎలక్ట్రాన్ మేఘాన్ని పక్కకు జరిపి, అందులో ద్విధ్రువాన్ని (ఒక కొస ధన, మరో కొస ఋణ ఆవేశం ఉండే స్థితిని) ప్రేరేపిస్తుంది. ఈ ఆకర్షణ తాలూకు స్థితిజశక్తి దూరం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. తటస్థ అణువుల మధ్య అది ఆరో ఘాతానికి విలోమం కనుక ఇక్కడి పట్టు చాలా దూరం నుంచే మొదలవుతుంది. వేగం సగమైతే అయాన్ చిక్కించుకోగల మధ్యచ్ఛేదం (అణువును పట్టుకోగల విస్తీర్ణం) రెట్టింపవుతుంది, కాబట్టి వేగం, మధ్యచ్ఛేదాల లబ్ధమైన రేటు స్థిరాంకం (చర్య ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే సంఖ్య) ఉష్ణోగ్రతతో మారదు. ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ 1905లో వేసిన లెక్కకు మూలం ఇదే. పైగా మీరు చెప్పిన చర్య ఉష్ణమోచకం (వేడిని విడుదల చేసేది), దానికి శక్తి అవరోధమూ లేదు.

జవాబు 2: నీటి వంటి ధ్రువ అణువులైతే (సహజంగానే ద్విధ్రువం ఉన్నవి) చల్లబడేకొద్దీ రేటు పెరుగుతుంది కూడా. భ్రమణం నెమ్మదించిన అణువును అయాన్ తనవైపు తిప్పుకోవడం తేలిక.

జవాబు 3: అయితే చిక్కడం వేరు, చర్య జరగడం వేరు. అమ్మోనియా ధన అయాన్, హైడ్రోజన్‌ల చర్యకు చిన్న అవరోధం ఉంది. చల్లబరిస్తే దాని రేటు మొదట పడిపోయి, సుమారు 100 కెల్విన్‌ల కింద మళ్లీ పెరుగుతుంది. అయాన్, అణువు కలిసిన తాత్కాలిక సంక్లిష్టం ఎక్కువసేపు నిలవడంతో, హైడ్రోజన్ ఆ అవరోధం గుండా సొరంగ ప్రభావంతో (అవరోధాన్ని ఎక్కేంత శక్తి లేకున్నా క్వాంటం రీతిలో) దాటడానికి వ్యవధి దొరుకుతుంది. నా దృష్టిలో ధ్రువత లేని అణువుల విషయంలో లాంజెవిన్ విలువను గరిష్ఠ పరిమితిగానే వాడటం మంచిది.