అప్‌డేట్: ఏటీపీ గుంటను వదిలి సూడోకైనేజ్ వైపు చూశాక

కణాల్లో రోగనిరోధక సంకేతాలను మోసే ఒకే కుటుంబపు ఎంజైమ్‌లైన జాక్1, జాక్2, జాక్3, టైక్2లలో మొదటి మూడింటినీ ముట్టుకోకుండా టైక్2ను మాత్రమే నిరోధించే అణువును ఎలా రూపొందించాలని ఇంతకుముందు అడిగాను. రసాయన చర్యను జరిపే ఉత్ప్రేరక భాగంలో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కూర్చునే గుంట నాలుగింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది కనుక, పక్కనున్న సూడోకైనేజ్ భాగాన్ని (చూడటానికి ఉత్ప్రేరక భాగంలా ఉన్నా, ప్రధానంగా దాన్ని అదుపు చేసేది) చూడమని మీరిచ్చిన సలహా మా పని దిశనే మార్చింది. 2022లో అమెరికాలో సోరియాసిస్ చికిత్సకు అనుమతి పొందిన డ్యూక్రావాసిటినిబ్ అనే మందు టైక్2లోని ఆ భాగానికే అంటుకొని ప్రోటీన్‌ను నిష్క్రియ స్థితిలో నిలుపుతుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది దాని అమైడ్ (నత్రజని ఉన్న ఒక రసాయన గుంపు) చివరనున్న మిథైల్ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల గుంపు): అందులోని మూడు హైడ్రోజన్ల చోట డ్యుటీరియం (కార్బన్‌తో బంధం తెగడం మరింత కష్టమయ్యే బరువైన హైడ్రోజన్) ఉంచడంతో, జీవక్రియలో ఆ మిథైల్ ఊడి, టైక్2ను మాత్రమే ఎంచుకునే శక్తి తగ్గిన పదార్థం ఏర్పడకుండా జాగ్రత్తపడ్డారు. ఇలాంటి అణువులు ఉత్ప్రేరక భాగం పనిని మాత్రమే కొలిచే ఎంజైమ్ పరీక్షలో పనిచేయనట్టే కనిపిస్తాయి కాబట్టి, ఇప్పుడు మేము కణాల్లోనే టైక్2 ద్వారా సాగే ఇంటర్‌ల్యూకిన్-23 (రోగనిరోధక కణాల మధ్య సందేశం మోసే ప్రోటీన్) సంకేతాన్ని కొలుస్తున్నాము.