అమ్మ రెండుసార్లు పడింది, నడక పరీక్షలో 12 సెకన్ల లెక్క మనవాళ్ళకి వర్తిస్తుందా?

మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మకి 72, పదేళ్ళుగా షుగర్. మూడు నెలల్లో రెండుసార్లు పడింది, రెండూ తెల్లవారుజామున 3, 4 మధ్య బాత్రూమ్‌కి లేచినప్పుడే. ఎముకలు విరగలేదు, అదృష్టం.

నైట్ ల్యాంప్ పెట్టాం, రబ్బరు మ్యాట్ వేశాం, కళ్ళజోడు మార్పించాం. పడుకున్నప్పుడు బీపీ పై అంకె 142, లేచి నిలబడ్డాక మూడు నిమిషాలకి 136, అంటే లేవగానే బీపీ పడిపోతోంది అనడానికి 20 తగ్గాలన్న లెక్కకి రాలేదు. అయినా నిన్న మళ్ళీ తూలింది.

అమెరికాలో ఉన్న బావ ఏమో అక్కడి సర్వేల్లో తెల్లవాళ్ళ కంటే ఆసియావాళ్ళు తక్కువ పడుతున్నారని, కంగారొద్దని అంటాడు. ఆ సర్వేల్లో చైనావాళ్ళూ ఫిలిప్పీన్స్‌వాళ్ళూ మనమూ ఒకే గంపలో ఉంటాం, పైగా అవి వాళ్ళు చెప్పుకున్న లెక్కలు, మా అమ్మలాంటిది పడ్డా చెప్పదు (మొదటిసారి పడిన సంగతి మాకు వారం తర్వాత తెలిసింది!).

కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చునే పరీక్ష ఇంట్లో మూడుసార్లు చేయించా: 14, 15, 14 సెకన్లు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకారం 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కింద పడే ప్రమాదం ఉన్నట్టు.

ఫిజియోథెరపీ తెలిసినవాళ్ళు చెప్పండి, మన పెద్దవాళ్ళకీ ఆ 12 సెకన్ల హద్దే వాడతారా, వేరే హద్దు ఉందా?